మైకేల్ చోప్రా మన జట్టుకు ఎందుకు ఆడలేదు? మా మనవడి ప్రశ్న

వీఆర్సీ పాతకాపు, నెల్లూరు

అందరికీ నమస్కారం. ఈ వేదికలో మనం ఎప్పుడూ కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి ఫుట్‌బాల్ సంగతి అడుగుతున్నాను. తెలిసినవాళ్లు ఓపికగా చెప్పండి.

మా అబ్బాయి కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు వేల్స్ అమ్మాయి. మనవడికి పదకొండేళ్లు, అక్కడ పిల్లల జట్టులో ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరుసలో గోల్స్ కొట్టేవాడిగా ఆడతాడు. క్రిస్మస్ సెలవులకు వచ్చిన మర్నాడే బంతి చంకన పెట్టుకుని నన్ను వీఆర్ కాలేజీ మైదానానికి లాక్కెళ్లాడు. చదువుకునే రోజుల్లో నేను అక్కడే రైట్ వింగ్‌లో ఆడేవాణ్ని. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు కాబట్టి ఒక పక్కన కూర్చుని చూశాను. రెండు కాళ్లతోనూ సమానంగా కొడుతున్నాడు. చూస్తుంటే కడుపు నిండిపోయింది.

తిరిగి వస్తూ ట్రంకు రోడ్డు మీద చెరుకురసం తాగుతుంటే అడిగాడు. "తాతయ్యా, నేను పెద్దయ్యాక ఇండియాకు ఆడొచ్చా? చోప్రాను ఆడనివ్వలేదని అక్కడి తాతయ్య చెప్పాడు." మా వియ్యంకుడు కార్డిఫ్ సిటీ క్లబ్బుకు వీరాభిమాని. వాళ్ల ఇంట్లో మైకేల్ చోప్రా పేరు రోజూ వినిపిస్తుందట. నాకు ఆ పేరు లీలగా గుర్తుంది గానీ పూర్తి కథ తెలియదు. పిల్లవాడికి తప్పు చెప్పకూడదు. ఆ ఆటగాడి గురించి, ఆ అడ్డంకి గురించి ఎవరైనా వివరంగా రాస్తారా?

సింహపురి స్ట్రైకర్, నెల్లూరు

సార్, చోప్రా గురించి అడిగితే నేను ఆగలేను. స్కూలు రోజుల్లో నా నోటుపుస్తకం అట్ట లోపల ఆయన ఫొటో ఉండేది.

1983 డిసెంబరు 23న న్యూకాజిల్‌లో పుట్టాడు. తండ్రి భారతీయ సంతతి, తల్లి ఇంగ్లండ్ ఆవిడ. సొంత ఊరి క్లబ్బు న్యూకాజిల్ యునైటెడ్‌లోనే ఆట నేర్చుకున్నాడు. అయితే ఆ జట్టు ముందు వరుసలో అప్పుడు ఎవరున్నారో చూడండి: అలన్ షియరర్. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై స్థాయి పోటీ ప్రీమియర్ లీగ్, దాని చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసిన మనిషి. మర్రిచెట్టు కింద మొక్క ఎదగడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే వాట్‌ఫర్డ్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్, బార్న్‌స్లీ క్లబ్బులకు అరువు మీద వెళ్లి ఆడాడు. 2003 ఏప్రిల్‌లో వాట్‌ఫర్డ్ తరఫున బర్న్‌లీ మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ చేశాడు. ఆ మ్యాచ్ 7-4తో ముగిసింది. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు.

ఇక అసలు రోజు 2006 ఏప్రిల్ 17. న్యూకాజిల్, సండర్లాండ్ పక్కపక్క ఊళ్లు, వాటి మధ్య పోటీ తరతరాలది. సండర్లాండ్ మైదానంలో మ్యాచ్. న్యూకాజిల్ 1-0తో వెనకబడి ఉంది. గంట ఆట అయ్యాక చోప్రాను దించారు. దిగిన పదిహేను సెకన్లకు గోల్! ప్రీమియర్ లీగ్‌లో భారతీయ సంతతి ఆటగాడు చేసిన మొదటి గోల్ అదే. మరుసటి నిమిషంలో షియరర్ పెనాల్టీ కొట్టాడు. చివరికి న్యూకాజిల్ 4-1తో గెలిచింది. అదే మ్యాచ్‌లో షియరర్ మోకాలికి దెబ్బ తగిలింది, మళ్లీ ఆడలేదు. గురువు చివరి గోల్, శిష్యుడి మొదటి ప్రీమియర్ లీగ్ గోల్ ఒకే మైదానంలో, ఒక్క నిమిషం తేడాతో పడ్డాయి. ఇరవై ఏళ్లు కావస్తున్నా దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కువైట్ నుంచి ఆత్మకూరు మనిషి

తమ్ముడు బాగా రాశాడు, కానీ ఒక మాట. నేను కువైట్‌లో మలయాళీ మిత్రులతో కలిసి 2014లో మన దేశపు ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ మొదటి సీజను మొత్తం చూశాను. చోప్రా కేరళ బ్లాస్టర్స్‌కు వచ్చినప్పుడు మా గదిలో పండుగ జరిగింది. విదేశీ ఆటగాళ్ల ఎంపికలో కేరళ ఎంతో ఆశపడి తీసుకున్న పేరు అది. ఆ సీజనులో ఒక్క గోల్ కూడా చేయలేదు. కేరళ ఫైనల్ చేరింది, కోల్‌కతా చేతిలో ఆఖరి నిమిషాల్లో 1-0తో ఓడిపోయింది. ఆ రాత్రి మా గదిలో ఎవరూ అన్నం తినలేదు.

కాబట్టి "అయ్యో, మన జట్టుకు ఆడి ఉంటే" అని బాధపడటం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పిల్లవాడికి పేరున్న మనిషి కథ కాదు, నిలకడగా ఆడిన మనిషి కథ చెప్పాలి.

సింహపురి స్ట్రైకర్, నెల్లూరు

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ 2014 నాటికి ఆయనకు ముప్ఫై దాటాయి, గాయాలు వెంటాడుతున్నాయి. ఫార్వర్డ్ విలువను కాళ్లలో వేగం ఉన్న రోజుల్లో చూడాలి. 2016లో మళ్లీ కేరళకు వచ్చి కొచ్చిలో ముంబయి మీద గోల్ చేశాడు, ఆ మ్యాచ్ ఆ ఒక్క గోల్‌తోనే గెలిచారు. ఆ సంవత్సరమూ కేరళ ఫైనల్ దాకా వెళ్లి పెనాల్టీల్లో ఓడింది. ఆయన పాతికేళ్ల వయసులో ఎలా ఆడాడో కార్డిఫ్ వాళ్లను అడగండి.

వీఆర్సీ పాతకాపు, నెల్లూరు

అడిగాను. నిన్న రాత్రి వియ్యంకుడితో వీడియో కాల్‌లో మాట్లాడాను. ఆయన ఇంగ్లిష్ యాస నాకు సగమే అర్థమవుతుంది, మిగతా సగం మనవడు తెలుగులో చెప్పాడు. వాడి తెలుగు వాళ్ల నానమ్మ ఫోనులో నేర్పిన తెలుగు. "తాతయ్య అంటున్నారు" అని ప్రతి వాక్యానికీ ముందు పెట్టాడు.

2006 వేసవిలో కార్డిఫ్ అయిదు లక్షల పౌండ్లకు చోప్రాను కొన్నదట. ఆ సీజనులో 22 గోల్స్ చేశాడు. అప్పటి మైదానం పేరు నినియన్ పార్క్, పాతకాలపు కట్టడం. వర్షంలో తడుస్తూ నిలబడి చూసేవాణ్ని అని వియ్యంకుడు చెప్పాడు. మరుసటి ఏడాదే సండర్లాండ్ వాళ్లు అరకోటి పౌండ్లు పెట్టి తీసుకుపోయారు. ఏడాదిలో ధర పదింతలు! నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేశాను, అలాంటి లాభం ఏ పద్దులోనూ చూడలేదు.

తర్వాత మళ్లీ కార్డిఫ్‌కే వచ్చాడు. 2009 సెప్టెంబరులో కొత్త స్టేడియంలో డెర్బీ మీద 6-1తో గెలిచిన మ్యాచ్‌లో నాలుగు గోల్స్ ఆయనవే. వియ్యంకుడు ఆ నాలుగూ చేతులతో గాలిలో గీసి చూపించాడు. ఆఖరున 2010 మే 22 దగ్గర ఆగాడు. వెంబ్లీ స్టేడియం. గెలిస్తే ప్రీమియర్ లీగ్‌లోకి వెళతారు. తొమ్మిదో నిమిషంలో చోప్రా గోల్. వియ్యంకుడు పక్కనున్న ఎవరినో తెలియని మనిషిని కౌగలించుకున్నాడట. బ్లాక్‌పూల్ వెంటనే సమం చేసింది. కార్డిఫ్ మళ్లీ ముందుకెళ్లింది, బ్లాక్‌పూల్ మళ్లీ సమం చేసి, విరామానికి ముందే మూడోదీ కొట్టింది. 3-2. అయిదు గోల్సూ మొదటి సగంలోనే. రెండో సగమంతా చూస్తూ కూర్చున్నామని చెప్పి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మనవడు కూడా అనువదించడానికి ఏమీ లేక నా ముఖం చూశాడు.

కావలి పీఈటీ టీచర్

సార్, మీ వియ్యంకుడికి మా నమస్కారాలు చెప్పండి. పదిహేనేళ్లు దాటినా ఓటమిని ఇంకా అలా మోస్తున్నాడంటే అభిమానమంటే అదే.

సండర్లాండ్‌లో జరిగినది కూడా బాబుకు చెప్పండి. 2007 ఆగస్టులో మొదటి మ్యాచ్ టాటెన్‌హామ్‌తో. బెంచీ మీద నుంచి లేచి వెళ్లి అదనపు సమయంలో గోల్ చేశాడు, 1-0. నవంబరులో తన సొంత ఊరు న్యూకాజిల్ మీద ఆడాల్సి వచ్చింది. స్కోరు 1-1, ఆఖరు ఘడియలు. చోప్రా తలతో కొట్టిన బంతి అడ్డకర్రకు తగిలింది. వేలెడు కిందుగా వెళ్లి ఉంటే పుట్టిన ఊరు ఆయన్ను జన్మలో క్షమించేది కాదు, సండర్లాండ్ నెత్తిన పెట్టుకునేది. ఫార్వర్డ్ బతుకంతా ఆ వేలెడు దూరంలోనే ఉంటుంది. మా పిల్లలకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

మా స్కూలు మైదానంలో గోల్‌పోస్టులంటే రెండు సరుగుడు గుంజలు. పైన కొబ్బరితాడు కడతాం. వల లేదు. గీతలు సున్నంతో గీస్తే వాన పడ్డ మర్నాడు ఉండవు. అయినా తెల్లవారి ఆరు గంటలకు ఇరవై రెండు మంది వస్తారు, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు.

వీఆర్సీ పాతకాపు, నెల్లూరు

టీచరమ్మా, మీ ఇరవై రెండు మందికీ నా ఆశీస్సులు. సింహపురి బాబు రాసిన పదిహేను సెకన్ల సంగతి మావాడికి చదివి వినిపించాను. అప్పటి నుంచి ఇంట్లో అదే ఆట. గేటు దగ్గర నిలబడతాడు, వాళ్ల నానమ్మ ఫోనులో గడియారం పెట్టుకుని "ఊఁ" అనగానే పరుగెత్తుకొచ్చి తులసికోట పక్క గోడకు బంతి కొట్టాలి. తొమ్మిది సెకన్లలో కొట్టాడు. పూలకుండీ ఒకటి పగిలింది, అయినా ఆవిడ ఏమీ అనలేదు.

నా అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఇలాంటి ఆటగాణ్ని మనం ఎందుకు తీసుకోలేదు?

ఒంగోలు వకీలు

సార్, చట్టం సంగతి నేను చెబుతాను. "ఆడనివ్వలేదు" అనే మాట పూర్తిగా సరి కాదు. ఆడాలంటే అడిగిన మూల్యం ఆయన జీవనాధారాన్నే తీసేసేది.

ముందు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా గుమ్మం. చోప్రా ఇంగ్లండ్ అండర్-21 జట్టు దాకా జూనియర్ స్థాయిలో ఆడాడు. జూనియర్ స్థాయిలో ఒక దేశానికి ఆడినవాడు మరో దేశానికి మారాలంటే 21 ఏళ్లలోపే మారాలని పాత నిబంధన. 2009లో ఫిఫా ఆ వయసు పరిమితిని ఎత్తివేసింది. అప్పటికి చోప్రా వయసు 25. ఫార్వర్డ్‌కు మంచి వయసు. ఆ మరుసటి ఏడాది తనకు భారత్ తరఫున ఆడాలని ఉందని ఆయనే బయటికి చెప్పాడు. అప్పటి మన కోచ్ బాబ్ హౌటన్.

తర్వాత మన గుమ్మం. రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. ఇంకో దేశం పౌరసత్వం కావాలని తీసుకున్న క్షణమే మనది పోతుంది. విదేశాల్లోని మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు పేరులో "సిటిజన్" అనే మాట ఉన్నా అది పౌరసత్వం కాదు, ఓటు లేదు, జీవితకాలపు వీసా లాంటిది. పైగా 2008 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని తేల్చింది. టెన్నిస్‌లో విజయ్ అమృత్‌రాజ్ కుమారుడు ప్రకాశ్‌కు కూడా అదే అడ్డు వచ్చింది.

అంటే చోప్రా బ్రిటన్ పాస్‌పోర్టు వదిలి, ఇక్కడి నివాస షరతు పూర్తి చేసి, మన పాస్‌పోర్టు తీసుకోవాలి. సరే, తీసుకున్నాడనుకుందాం. రేపు కార్డిఫ్‌లో ఆడాలంటే పుట్టిన దేశంలోనే ఆయన విదేశీయుడు. వర్క్ పర్మిట్ కావాలి. జాతీయ జట్టు ర్యాంకు బాగా ఉన్న దేశాల ఆటగాళ్లకే అది దొరికేది. మన ర్యాంకు మీకు తెలుసు. ఏ మనిషి అయినా ఆ సంతకం పెట్టగలడా?

సింహపురి స్ట్రైకర్, నెల్లూరు

వకీలుగారూ, మీరు వర్క్ పర్మిట్ అనగానే నాకు సునీల్ ఛెత్రి గుర్తొచ్చాడు. మనవాళ్లలో చాలామందికి తెలియదు, ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో. తండ్రి సైన్యంలో పనిచేశారు. తల్లి నేపాలీ, ఆమె, ఆమె కవల సోదరి నేపాల్ మహిళల జాతీయ జట్టుకు ఆడారు. అంటే ఆయనకూ రెండు నేలల నీళ్లు పట్టాయి.

2009లో ఇంగ్లండ్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఛెత్రిని మూడేళ్ల ఒప్పందానికి పిలిచింది. బ్రిటన్ ప్రభుత్వం వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. కారణం, భారత్ ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో లేకపోవడం. ఆ సీజనులో రేంజర్స్, చోప్రా ఉన్న కార్డిఫ్ ఒకే లీగులో ఆడుతున్నాయి! ఇద్దరి వయసుకూ తేడా ఎనిమిది నెలలు కూడా లేదు. ఒకడికి మన పాస్‌పోర్టు లేక మన జట్టులో చోటు లేదు. ఇంకొకడికి మన పాస్‌పోర్టు ఉన్నందుకే అక్కడి జట్టులో చోటు లేదు. ఒకే గోడకు అటు ఒకడు, ఇటు ఒకడు నిలబడ్డారు.

2011 జనవరిలో దోహాలో ఆసియా కప్. 1984 తర్వాత మనం మళ్లీ ఆ టోర్నీకి వెళ్లాం. ఆస్ట్రేలియా 4-0, బహ్రెయిన్ 5-2, దక్షిణ కొరియా 4-1. మూడూ ఓడాం. మనం చేసిన మూడు గోల్స్‌లో రెండు ఛెత్రివి, ఒకటి గౌరమాంగీ సింగ్‌ది. ముందు వరుసలో ఛెత్రి పక్కన వెంబ్లీలో గోల్ చేసిన మనిషి ఉండి ఉంటే ఎలా ఉండేదో నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్క లేదు. గెలిచేవాళ్లమని అనను. ఛెత్రి మాత్రం ఒంటరివాడు అయ్యేవాడు కాదు.

కువైట్ నుంచి ఆత్మకూరు మనిషి

తమ్ముడూ, ఈ కోణం నాకు తట్టలేదు. నేను కూడా ఇరవై ఏళ్లుగా గల్ఫ్‌లో అకామా అనే నివాస అనుమతి కాగితం మీద బతుకుతున్నవాణ్ని. కాగితం గడువు దాటితే మనిషికి విలువ లేదని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2014 కోపం కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఆయన జూదం సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లవాడికి కథ చెప్పేటప్పుడు అది దాచిపెట్టడం న్యాయం కాదు.

కావలి పీఈటీ టీచర్

దాచకూడదు, నిజమే. చోప్రా జూదానికి బానిసయ్యాడు. ఆ సంగతి ఆయనే బయటపెట్టుకున్నాడు. 2011లో ఇప్స్‌విచ్ క్లబ్బుకు ఆడుతున్నప్పుడు ఆర్సెనల్ మాజీ కెప్టెన్ టోనీ ఆడమ్స్ స్థాపించిన స్పోర్టింగ్ ఛాన్స్ అనే చికిత్సాలయంలో చేరాడు. గుర్రప్పందేల వ్యవహారంలో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆయన్ను పదేళ్లపాటు గుర్రప్పందేల రంగం నుంచి నిషేధించింది కూడా. వారానికి వేల పౌండ్లు చేతికొస్తాయి, ఉదయం రెండు గంటల సాధన అయిపోతే రోజంతా ఖాళీ. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది చాలా ప్రమాదకరమైన ఖాళీ.

మన ఊళ్లలో క్రికెట్ బెట్టింగు ఏం చేస్తోందో మనకు తెలుసు. నా దగ్గర ఆడిన ఒక కుర్రాడు, మంచి ఎడమకాలి ఆటగాడు, ఫోనులో పందేలు కట్టి తండ్రి రొయ్యల గుంట మీద తెచ్చిన అప్పు పోగొట్టాడు. ఇప్పుడు ఊళ్లో లేడు. ఆ తండ్రి ఇప్పటికీ సైకిలు మీద మైదానం దాకా వచ్చి, పిల్లలు ఆడుతుంటే కాసేపు నిలబడి వెళతాడు. నేను పలకరించను. ఏమని పలకరించాలి?

అందుకే చోప్రా కథలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి వెంబ్లీ గోల్ కాదు. చికిత్సాలయం తలుపు తట్టడం. మా తొమ్మిదో తరగతి పిల్లలకు రెండూ కలిపే చెప్పాను.

లోకోషెడ్ మనవడు, బిట్రగుంట

చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు. ఈ చర్చ చూశాక ఉండబట్టలేదు.

మా తాత బిట్రగుంట లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరయ్యారు. ఆవిరి ఇంజన్ల కాలంలో మా ఊరు పెద్ద రైల్వే కేంద్రం. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. సాయంత్రం షిఫ్టు దిగిన డ్రైవర్లు, గార్డులు, వాళ్ల పిల్లలు రైల్వే మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవారని తాత చెప్పేవారు. తాత ఇంజను బొగ్గు మసితోనే మైదానంలోకి దిగేవారట. వాళ్ల జట్టులో ముందు ఆడే ఒక కుర్రాడి తండ్రి ఇంగ్లిష్ వంశం, తల్లి అల్లూరు వైపు తెలుగావిడ. ఇంట్లో ఇంగ్లిష్, మైదానంలో చక్కటి నెల్లూరు తెలుగు. బంతి తనకు ఇవ్వకపోతే తెలుగులోనే తిట్టేవాడట.

ఆ కుటుంబాలు ఒక్కొక్కటిగా ఆస్ట్రేలియా వెళ్లిపోయాయి. పక్క క్వార్టరు వాళ్లు పెర్త్ వెళుతూ తాతకు ఒక తోలుబంతి ఇచ్చి వెళ్లారు. అది మా అటక మీద ఇప్పటికీ ఉంది. కుట్లు ఊడి, గాలి లేక నొక్కుకుపోయిన గిన్నెలా ఉంటుంది. పారేయమని అమ్మ చాలాసార్లు చెప్పింది.

ఇప్పుడు అసలు మాట. పెర్త్‌లోనే పుట్టిన రయాన్ విలియమ్స్ అనే ఫార్వర్డ్ ఉన్నాడు. తల్లి ముంబయి ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఇంగ్లండ్‌లో ఫుల్‌హామ్, పోర్ట్స్‌మత్ క్లబ్బులకు ఆడాడు, ఆస్ట్రేలియా జాతీయ జట్టుకు ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడాడు. 2023లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు. ఇక్కడే ఉండిపోయి, ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025 నవంబరులో భారత పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఆ వార్త చదివిన రోజు నేను అటక ఎక్కి ఆ బంతిని కిందికి దించి తుడిచాను.

ఒంగోలు వకీలు

బిట్రగుంట మిత్రమా, ఆ బంతిని పారేయనివ్వకండి.

విలియమ్స్ కన్నా ముందు ఇంకొకరున్నారు. అరాటా ఇజుమి. తండ్రి భారతీయుడు, తల్లి జపాన్ వనిత. 2006లో ఇక్కడికి వచ్చి ఈస్ట్ బెంగాల్, మహీంద్రా యునైటెడ్, పుణె క్లబ్బులకు ఆడాడు. 2012లో జపాన్ పౌరసత్వం వదిలి మన పౌరసత్వం తీసుకున్నాడు, 2013లో మన జాతీయ జట్టులో ఆడాడు. పౌరసత్వం కోసం నీలకంఠ్ అని పేరు కూడా మార్చుకున్నాడు. అప్పటికి ముప్ఫై ఏళ్లు నిండాయి కాబట్టి ఆడినవి కొద్ది మ్యాచ్‌లే. దారి ఉంది, కానీ ఆ దారి నడిచేసరికి కాళ్లలో సత్తువ సగం అయిపోతుంది. నా ఫిర్యాదు అదొక్కటే. ఆటగాడి ఆయుష్షు పదిహేనేళ్లు. కాగితానికి అందులో ఆరేడేళ్లు పోతే మిగిలేది ఏముంది?

సింహపురి స్ట్రైకర్, నెల్లూరు

తెలుగు మూలాల మాట వస్తే వికాశ్ దొరాసూను మరచిపోకూడదు. ఫార్వర్డ్ కాదు, మిడ్‌ఫీల్డర్. మారిషస్ తెలుగు మూలాల కుటుంబం, పుట్టింది ఫ్రాన్స్‌లో. లియాన్, ఏసీ మిలాన్ క్లబ్బులకు ఆడి 2006 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ తరఫున మైదానంలోకి దిగాడు. ఆ సంగతి తెలిసిన రోజు రాత్రి నిద్రపోలేదు.

పాతకాపుగారూ, మీ మనవడికి వేల్స్ దారి కూడా ఉంది. నీల్ టేలర్ తల్లి కోల్‌కతా ఆవిడ. ఆయన వేల్స్‌ను ఎంచుకుని 2016 యూరో కప్‌లో రష్యా మీద గోల్ కూడా చేశాడు. ఆయన రక్షణ ఆటగాడు, ఆ గోల్ చూసి ఆయనే నమ్మలేనట్టు కనిపించాడు.

వీఆర్సీ పాతకాపు, నెల్లూరు

ఇన్ని సంగతులు ఒక్కచోట దొరుకుతాయని అనుకోలేదు. అన్నీ కాగితం మీద రాసుకుని మనవడికి చెప్పాను. వేల్స్ మాట చెప్పగానే "అక్కడి తాతయ్య సంతోషిస్తాడు" అన్నాడు. కాసేపు ఆగి, "మరి నువ్వు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

వకీలుగారూ, ఒక్కటి తేల్చి చెప్పండి. వాడికి ఓసీఐ కార్డు ఉంది. ఇండియాకు ఆడాలని నిజంగా అనుకుంటే ఏం చేయాలి?

ఒంగోలు వకీలు

ముందు 18 ఏళ్లు నిండాలి. ఓసీఐ నమోదై అయిదేళ్లు అయి ఉండాలి, అది మీవాడికి ఎలాగూ అవుతుంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారత్‌లో నివాసం ఉండాలి. ఆపైన బ్రిటన్ పౌరసత్వం వదులుకోవాలి. ఆఖరిది మాత్రం మీరుగానీ, మీ వియ్యంకుడుగానీ నిర్ణయించేది కాదు. వాడికి ఊహ వచ్చాక వాడే తేల్చుకోవాలి. అప్పటిదాకా రెండు వైపుల నుంచీ ఎవరూ లాగకపోతే మంచిది. పెద్దవారు, చనువుగా చెప్పానని ఏమీ అనుకోకండి.

వీఆర్సీ పాతకాపు, నెల్లూరు

ఏమీ అనుకోను. సరైన మాట చెప్పారు. పన్నెండు నెలలు అనేసరికి వాళ్ల నానమ్మ మేడ మీది గది ఖాళీగానే ఉందని అంది. అంతకుమించి ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

కావలి పీఈటీ టీచర్

సార్, ఈ లెక్కలన్నీ ఇంకో ఏడేళ్ల తర్వాత. ఆదివారం ఉదయం బాబును మా మైదానానికి తీసుకురండి. మాకు ఫార్వర్డ్ ఒకడు తక్కువ.

వీఆర్సీ పాతకాపు, నెల్లూరు

ఈరోజు కావలి వెళ్లి వచ్చాం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, బస్సులో. మావాడు ఆడిన వైపు 2-1తో ఓడిపోయింది. ఆ ఒక్కటీ వాడు కొట్టిందే. బంతి సరుగుడు గుంజకు లోపల పోయిందా బయట పోయిందా అని పెద్ద గొడవ జరిగింది. వల లేదు కాబట్టి ఎవరూ తేల్చలేకపోయారు. అవతలి జట్టు గోలీ, పన్నెండేళ్ల పిల్లవాడు, లేచి మోకాళ్ల మట్టి దులుపుకుని "లోపలే పోయింది టీచర్" అన్నాడు. నలభై ఏళ్ల తర్వాత నేను మైదానంలో చప్పట్లు కొట్టాను.

వచ్చేటప్పుడు మనవడు తన బంతి ఆ గోలీకి ఇచ్చేశాడు. గాలి కొట్టే పంపు కూడా ఇచ్చాం గానీ, దాని సూది మా సంచిలోనే ఉండిపోయింది. రేపు ఉదయం బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపిస్తాను టీచరమ్మా.

కావలి పీఈటీ టీచర్

పంపండి సార్. బస్టాండులో నేనే తీసుకుంటాను.